కన్నప్ప కథకు వేరే దేశాల్లో చుట్టాలున్నారా? కథల్ని పోల్చి చదవడం ఎలా

"ఏ దేశం కథైనా చివరికి చెప్పేది ఒకటేనండీ" అని ఎవరైనా అంటే వెంటనే తల ఊపేయకండి. వినడానికి బాగుంటుంది, ఆ మాటతో చర్చ కూడా అక్కడికి అయిపోతుంది, చిక్కంతా అదే. సార్వజనీన ఇతివృత్తాల మీద ప్రాజెక్టు రాయమంటే పిల్లలు ప్రేమ, త్యాగం, మంచికీ చెడుకీ పోరాటం అని నాలుగు మాటలు రాసి ఒక్కోదాని కింద రెండు దేశాల కథల పేర్లు పెట్టి ఇచ్చేస్తారు, మార్కులూ పడతాయి. చదివినవాళ్లకు మాత్రం ఆ రెండు కథల గురించీ కొత్తగా తెలిసింది ఏమీ ఉండదు.

దీన్ని కాస్త ఓపికగా, మన చుట్టుపక్కల కథలతోనే ఎలా చేయొచ్చో చెబుతాను. తిరుపతిలోనో చిత్తూరులోనో ఉండేవాళ్లకు కథల కరువు లేదు కదా, ఎటు బస్సెక్కినా గంటా రెండు గంటల్లో ఏదో ఒక స్థలపురాణం దగ్గర దిగుతాం.

ముందు మీకు బాగా తెలిసిన కథ ఒకటి తీసుకోండి

గ్రీకు కథతోనో షేక్‌స్పియర్‌తోనో మొదలుపెట్టకండి. చిన్నప్పటి నుంచి విన్న కథ అయితే అందులో ఏది మామూలు, ఏది వింత అనేది మీకు చెప్పకుండానే తెలుస్తుంది. ఇంట్లో అవ్వను అడగండి, తర్వాత వేరే ఇంట్లో ఇంకొకరిని అడగండి, ఇద్దరూ చెప్పింది విడివిడిగా రాసుకోండి. రెండూ కలిపి ఒక 'సరైన' కథ చేయాలని చూడొద్దు. ఒకరు వదిలేసి ఇంకొకరు పట్టుకున్న ముక్కే తర్వాత బాగా పనికొస్తుంది.

ఇక్కడ నేను శ్రీకాళహస్తి కన్నప్ప కథ తీసుకుంటున్నాను. తిన్నడు (కన్నప్ప అసలు పేరు ఇదే) వేటగాడు, అడవిలో లింగం చూసి దాన్ని వదల్లేకపోయాడు, నోట్లో నీళ్లు పట్టుకొచ్చి అభిషేకం చేశాడు, తలలో పెట్టుకొచ్చిన పూలు పెట్టాడు, కాల్చిన మాంసం రుచి చూసి మరీ నైవేద్యం పెట్టాడు. రోజూ వచ్చే పూజారి ఆ ఎంగిలి, ఆ ఎముకలు చూసి గుండెలు బాదుకున్నాడు. శివుడు ఆయన్ని చాటున ఉండి చూడమన్నాడు. లింగం కంటి నుంచి రక్తం కారింది, తిన్నడు తన కన్ను పెరికి పెట్టాడు, రెండో కన్నూ కారడం మొదలైతే గుర్తు కోసం కాలి వేలు అక్కడ ఆనించి తన రెండో కన్నుకు బాణం గురిపెట్టాడు, అప్పుడు శివుడు ఆపాడు. తమిళంలో 12వ శతాబ్దపు శేక్కిళార్ ఈ కథ చెప్పాడు, తెలుగులో 16వ శతాబ్దపు ధూర్జటి చెప్పాడు.

పేర్లు తీసేసి మళ్లీ రాయండి

ఐదారు వాక్యాలు చాలు. శివుడు, తిన్నడు, కాళహస్తి, లింగం, ఏ పేరూ ఉండకూడదు. ఇలా వస్తుంది: 'పద్ధతి తెలియని ఒకడు దేవుణ్ణి తనకు తెలిసినట్టు కొలిచాడు. పద్ధతి తెలిసిన ఒకాయనకు అది అపచారంగా కనిపించింది. తెలిసినాయన చాటున ఉండి చూశాడు. దేవుడు తెలియనివాడి పక్షాన నిలబడ్డాడు.'

చూశారా, కన్ను పెరకడం ఇందులో లేదు. నేను కావాలనే వదిలేశాను, ఎందుకంటే అది లేకపోయినా కథ నిలబడుతోంది. మీరు రాసేటప్పుడు కూడా ఒక్కో సంఘటనా తీసేసి చూడండి, ఏది తీస్తే కథ కూలిపోతుందో అది ఎముక. మిగతావి పారేయకండి, పక్కన రాసి పెట్టుకోండి, అసలు రుచి వాటిలోనే ఉంటుంది.

ఇతివృత్తాన్ని ప్రశ్నగా మార్చండి

ఇది చాలామంది దాటేసే మెట్టు. 'కన్నప్ప కథ ఇతివృత్తం భక్తి' అని రాస్తే అది తప్పేమీ కాదు గానీ దాంతో ఏ పనీ జరగదు, భక్తి మీద లక్ష కథలున్నాయి. కథ ఏ ప్రశ్న మీద తిరుగుతోందో వెతకండి: రూలు తెలియనివాడి పూజ చెల్లుతుందా, చెల్లదని చెప్పే హక్కు ఎవరిది?

ప్రశ్న సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. దానికి అవును అనీ కాదు అనీ రెండు రకాలుగానూ తెలివైనవాళ్లు వాదించగలగాలి. 'అబద్ధమాడొచ్చా?' అంటే అంత వాదన రాదు. 'ప్రాణం కాపాడటానికి అబద్ధమాడొచ్చా?' అంటే ఇంట్లో భోజనాల దగ్గర కూడా గొడవ మొదలవుతుంది.

ఇప్పుడు చుట్టాలను వెతకండి

'మీ వైపు ఇలాంటి కథ ఏమైనా ఉందా?' అని అడిగితే జనం ఆలోచించి, లేదండీ అంటారు. దానికంటే మీ కథ మీరు చెప్పేయండి. సగంలోనే అవతలివాళ్లు 'మా ఊళ్లో కూడా ఒకటుంది' అని అందుకుంటారు. తిరుపతిలో ఉండటం ఇందుకు పెద్ద అదృష్టం, కొండ మీద కంపార్టుమెంటులో గంటలు గంటలు కూర్చునేటప్పుడు పక్కన తమిళం వాళ్లు, కన్నడం వాళ్లు, మరాఠీ వాళ్లు, ఒడిశా వాళ్లు ఎవరైనా ఉండొచ్చు, అందరికీ టైమే టైము.

రాసి ఉన్న కథలకైతే జానపద పరిశోధకులు ఎప్పటి నుంచో వాడుతున్న ఒక పట్టిక ఉంది. ఫిన్లాండ్ పండితుడు ఆంటి ఆర్నె 1910లో కథలకు నంబర్లు వేశాడు, అమెరికాలో స్టిత్ థాంప్సన్ దాన్ని 1928లో, 1961లో పెంచాడు, జర్మనీకి చెందిన హాన్స్ యోర్గ్ ఊథర్ 2004లో సరిచేశాడు. ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కలిపి ఏటీయూ అంటారు. సిండరెల్లా కథ 510ఏ. ఆ నంబరు పెట్టి నెట్‌లో వెతికితే చైనాలో 9వ శతాబ్దంలో రాసిపెట్టిన యె షియెన్ కథ కూడా దొరుకుతుంది, అందులో పిల్లకు సాయం చేసేది చేప ఎముకలు. ఫ్రాన్స్‌లో 1697లో అచ్చయిన కథలో సాయం చేసేది దేవకన్య, జర్మనీ గ్రిమ్ సోదరుల కథలో తల్లి సమాధి మీద మొలిచిన చెట్టు. పట్టిక యూరప్ కథల వైపు బాగా మొగ్గి ఉంటుంది, మన స్థలపురాణాలు చాలావరకు అందులో ఇమడవు, కాబట్టి నంబరు దొరకలేదని దిగులు పడకండి. ఎస్వీ యూనివర్సిటీ దగ్గరే ఉంది, కుప్పంలో 1997లో పెట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయంలో జానపద విభాగమే ఉంది, వెళ్లి అడగడానికి మొహమాటపడొద్దు.

పక్కపక్కన పెట్టి, విడిపోయే చోటు చూడండి

కన్నప్ప ప్రశ్నతో వెతికితే నాకు బాగా నచ్చిన చుట్టాలు ఇద్దరు దొరుకుతారు.

ఒకటి 13వ శతాబ్దపు పారశీక కవి జలాలుద్దీన్ రూమీ చెప్పిన కథ. ఒక గొర్రెల కాపరి దేవుడితో మాట్లాడుకుంటున్నాడు: నువ్వెక్కడున్నావు చెప్పు, నీ చెప్పులు కుడతాను, తల దువ్వుతాను, పేలు చూస్తాను, పాలు తెచ్చిస్తాను అని. మూసా ప్రవక్త అది విని, దేవుడికి తలేంటి పేలేంటి, నోరు మూసుకో అని కసిరాడు. కాపరి బట్టలు చించుకుని ఎడారిలోకి వెళ్లిపోయాడు. అప్పుడు దేవుడు మూసానే మందలించాడు, నిన్ను పంపింది మనుషుల్ని నాతో కలపడానికా విడదీయడానికా అని.

రెండోది అదే శతాబ్దంలో ఫ్రాన్స్‌లో పుట్టింది. పిల్లిమొగ్గలు వేసి బతికే ఒకడు మఠంలో చేరాడు. అక్కడ అందరికీ ఏదో ఒక ప్రార్థన వచ్చు, ఇతనికి ఒక్కటీ రాదు. ఎవరూ లేనప్పుడు మేరీమాత విగ్రహం ముందు తనకొచ్చిన పిల్లిమొగ్గలే వేసేవాడు, సొమ్మసిల్లి పడిపోయేదాకా. ఒక సన్యాసి చూసి పెద్దాయనకు చెప్పాడు, ఆయన చాటున నిలబడి చూశాడు. మేరీమాత దిగొచ్చి చెమటతో తడిసిపోయిన అతనికి గుడ్డతో గాలి విసిరింది.

మూడూ ఒకటే అనిపిస్తున్నాయి కదూ? కాళహస్తి పూజారి చాటున నిలబడ్డట్టే మఠం పెద్దాయన కూడా నిలబడ్డాడు. ఇక్కడ ఆగిపోయేవాళ్లే 'చివరికి అన్నీ ఒకటేనండీ' అంటారు. మీరు ఆగకండి, నోటుబుక్కులో మూడు గళ్లు గీసి ఒక్కో కథలో 'తప్పు' ఏమిటో రాయండి.

కన్నప్ప దగ్గర తప్పు ఎంగిలి, మాంసం. అంటే పూజారి బాధంతా ముట్టుకోవడం గురించి, నోటికి తగిలినది దేవుడికి తగలడం గురించి. ఆ కాపరి ఏమీ ముట్టుకోలేదు, పాలు ఇస్తానన్నాడు గానీ ఇవ్వను కూడా లేదు, అతని తప్పంతా మాటలోనే ఉంది, రూపం లేని దేవుడికి తలా కాళ్లూ అంటగట్టాడు. ఫ్రాన్సువాడి సంగతి చూస్తే అతన్ని ఎవరూ అపవిత్రుడనలేదు, తప్పుడు మాటా అనలేదు, అతనికి చదువు లేదు, లాటిన్ రాదు, అంతే. ఒక్కో సమాజం దేవుడి చుట్టూ కంచె ఎక్కడ వేసుకుందో ఆ తప్పు చూస్తే తెలిసిపోతుంది. ఒకచోట ముట్టుకోవడం, ఒకచోట మాట, ఒకచోట చదువు. ప్రశ్న ఒకటే అయినందువల్లే ఈ తేడా కళ్లకు కనబడింది, నేరుగా చూస్తే కనబడేది కాదు.

ఇంకో గడి గీయండి: తెలియనివాడు ఏం చెల్లించాడు? కాపరికి మనసు విరిగింది, మూసా పరుగెత్తుకెళ్లి నీకు తోచినట్టు మాట్లాడుకోమని చెప్పాల్సి వచ్చింది. పిల్లిమొగ్గలవాడికి చెమట, ఒళ్లునొప్పులు. మనవాడికి కళ్లు. ఇందాక పక్కన పెట్టుకోమన్న ముక్క ఇక్కడికి వచ్చింది. మన కథలో దేవుడు ఒప్పుకున్నా సరిపోలేదు, చూస్తున్న పూజారికి రుజువు కావాల్సి వచ్చింది, ఆ రుజువు కట్టింది తిన్నడు. ఇది నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, అడవివాడి భక్తిని నమ్మడానికి ఊరివాళ్లకు అంత రక్తం కావాలా అని. మరోవైపు కాళహస్తిలో శివరాత్రి బ్రహ్మోత్సవాలు కన్నప్ప కొండ మీద కన్నప్పకు ధ్వజారోహణం చేశాకే మొదలవుతాయి, దేవుడి కంటే ముందు భక్తుడికి. మిగతా ఇద్దరికీ వాళ్ల ఊళ్లలో ఇలాంటి వాటా ఏదైనా దక్కిందా అని కూడా ఒక గడి పెట్టుకోండి.

ఆ కథ ప్రయాణం చేసిందా, ఎక్కడికక్కడ పుట్టిందా?

పై మూడూ ఒకదాని నుంచి ఒకటి వచ్చాయని అనుకోనక్కర్లేదు, పూజకు పద్ధతీ, పద్ధతికి పెద్దలూ ఉన్న ప్రతి చోటా పద్ధతి రాని ఒకడు ఉండనే ఉంటాడు, వాడి కథ పుడుతుంది. కొన్ని మాత్రం నిజంగానే ఊళ్లు దాటాయి. పసిబిడ్డను పాము నుంచి కాపాడిన ముంగిస, దాని మూతికి రక్తం చూసి తల్లి అది బిడ్డనే చంపిందనుకుని తొందరపడి దాన్ని చంపేయడం, ఈ పంచతంత్రం కథ మనందరికీ తెలుసు. పట్టికలో దాని నంబరు 178ఏ. 6వ శతాబ్దంలో పారశీక రాజు ఖుస్రో కాలంలో పంచతంత్రం అప్పటి పారశీక భాష పహ్లవీలోకి వెళ్లింది, 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముఖఫ్ఫా అరబ్బీలోకి తెచ్చాడు, అక్కడి నుంచి హీబ్రూ, 13వ శతాబ్దానికి లాటిన్. దారంతా కాగితం మీద ఉంది.

వేల్స్ దేశంలో ముంగిస కాస్తా గెలెర్ట్ అనే వేటకుక్క అయింది, పాము తోడేలు అయింది, బెద్‌గెలెర్ట్ అనే ఊళ్లో దాని సమాధి చూపిస్తారు. ఇంకా వింత ఫ్రాన్స్‌లో జరిగింది. 13వ శతాబ్దంలో లియోన్ దగ్గర పల్లెల్లో గినెఫోర్ అనే కుక్కను పునీతుడిగా కొలుస్తూ తల్లులు జబ్బుపడ్డ పిల్లల్ని దాని సమాధి దగ్గరికి తీసుకొస్తున్నారని ఎతియెన్ ద బూర్బోన్ అనే మతాధికారి రాసిపెట్టాడు, ఆయనకు ఒళ్లు మండి ఆ చోటును ధ్వంసం చేయించాడు కూడా. మన దగ్గర తొందరపడొద్దని చెప్పే నీతికథ, అక్కడికి పోయి మొక్కులు తీర్చే గుడి అయింది. బిడ్డను కాపాడిన దాన్నే బిడ్డల కోసం మొక్కుకున్నారు. ఇందులో మనకు వింతేముంది, గ్రామదేవతల కథలు సగం ఇలాంటివే, అన్యాయంగా చచ్చినవాళ్లు దేవతలవుతారు.

ఒక జాగ్రత్త. థియోడోర్ బెన్‌ఫై అనే జర్మన్ పండితుడు 1859లో యూరప్ కథలు చాలావరకు భారతదేశం నుంచే వెళ్లాయని వాదించాడు. మనకు వినడానికి హాయిగా ఉంటుంది. తర్వాతివాళ్లు అంత దూరం ఒప్పుకోలేదు, మీరూ దారి చూపించగలిగినప్పుడే 'మన నుంచి వెళ్లింది' అనండి. అలాగే 1949లో జోసెఫ్ క్యాంబెల్ వీరుడి కథలన్నిటికీ ఒకే బాట ఉందన్నాడు, ఇల్లు వదలడం, పోరాడి గెలవడం, వరంతో తిరిగి రావడం అని. సినిమావాళ్లకు బాగా పనికొచ్చింది. తిన్నడి మీద పెట్టి చూడండి, తండ్రి వచ్చి పిలిచినా అతను ఇంటికి వెళ్లనే లేదు.

పోలిక మోసం చేసే చోట్లు

కాణిపాకం దగ్గర బాహుదా నదికి చెప్పుకునే కథ శంఖలిఖితులనే అన్నదమ్ములది. భారతం శాంతిపర్వంలో ఉంది. తమ్ముడు లిఖితుడు తన అన్న శంఖుడి ఆశ్రమంలో, ఆయన లేనప్పుడు పండు కోసుకుని తిన్నాడు. అడక్కుండా తింటే దొంగతనమే, పోయి రాజును శిక్ష అడుగు అన్నాడు శంఖుడు. రాజు చేతులు నరికించాడు, తర్వాత ఆ నదిలో మునిగితే చేతులు తిరిగి వచ్చాయి. గ్రిమ్ సోదరుల కథల్లో కూడా నరికిన చేతులు మళ్లీ మొలిచే పిల్ల ఉంది. సంతోషంగా రెండూ ఒక జాబితాలో రాసేయాలనిపిస్తుంది.

ప్రశ్న అడగండి. లిఖితుడి కథలో ప్రశ్న, సొంత అన్న పండైనా, ఎంత చిన్నదైనా, తప్పుకు శిక్ష పడాల్సిందేనా అని. అతను తనంతట తను వెళ్లి శిక్ష అడుగుతాడు. జర్మన్ కథలో ఆ పిల్ల ఏ తప్పూ చేయలేదు, తండ్రి సంపదకు ఆశపడి సైతానుతో బేరం కుదుర్చుకుని, చివరికి తన ప్రాణభయం కొద్దీ కూతురి చేతులు నరుకుతాడు. అక్కడ ప్రశ్న, కన్నవాళ్లే అమ్మేస్తే ఆ పిల్ల ఎలా బతకాలి అని. చేతులు ఒకటే, కథలు వేరు. ఇలాంటి మోసం చెట్లు, పాములు, ఉంగరాలు, వరదలు ఉన్న కథల్లో తరచూ ఎదురవుతుంది.

ఎవరు చెబుతున్నారు, ఏం చేస్తూ చెబుతున్నారు?

పుస్తకంలో ఉన్నది కథలో సగమే. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ కథ చూడండి: ఆడవాళ్లను చెరుస్తున్న పాలెగాడు గంగమ్మ మీదా చెయ్యి వేయబోయాడు, ఆమె అసలు రూపం చూసి పారిపోయి దాక్కున్నాడు, ఆమె రోజుకో వేషంలో వెతికి, దొర వేషంలో వచ్చినప్పుడు వాడు బయటికి రాగానే తల నరికింది. దీని పక్కన యూదుల జూడిత్ కథ పెట్టొచ్చు, ముట్టడికి వచ్చిన సేనాపతి డేరాలోకి అలంకరించుకుని వెళ్లి, తాగి పడున్నవాడి తల వాడి కత్తితోనే నరికిన విధవరాలు. మన కీచకవధనూ పెట్టొచ్చు. జూడిత్ ఆడదానిగానే వెళ్లి గెలిచింది, గంగమ్మ మగ దొరగా వెళ్లి గెలిచింది, ద్రౌపది పక్షాన భీముడు చంపాడు. జూడిత్ కాపాడింది ఊరిని, గంగమ్మ కాపాడింది ఆడవాళ్లను.

ఇంతవరకు ఇంట్లో కూర్చుని రాయొచ్చు. జాతర రోజుల్లో వీధిలోకి వెళితేనే మిగతాది తెలుస్తుంది. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని వేషాలు మారతాయి, మగవాళ్లు చీరలు కట్టి పూలు పెట్టుకుని గుడికి వస్తారు, బండ వేషం రోజు బూతులు తిట్టడం కూడా మొక్కులో భాగమే. మగవాడి నుంచి కాపాడే దేవత కథను మగవాళ్లు ఆడవేషం కట్టి చెప్పుకుంటున్నారు, ఈ సంగతి ఏ పుస్తకం సారాంశంలోనూ మీకు దొరకదు. ఈ జాతర మీద అమెరికా పరిశోధకురాలు జాయిస్ ఫ్లూకిగర్ 2013లో ఒక పుస్తకమే తెచ్చారు, ఇంగ్లిషు చదవగలిగితే వెతకండి. చిత్తూరు వైపు ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిగేటప్పుడు కూడా ఇంతే, పగలు హరికథ, రాత్రి నాటకం, చివర్లో అగ్నిగుండం. ఒక్క పగలు మాత్రమే విని వచ్చి ద్రౌపది గురించి రాయకండి.

రాయడం

ప్రాజెక్టుకైనా, పిల్లలకు చెప్పడానికైనా రెండు కథలు చాలు, మూడు మించొద్దు. ప్రశ్న పైన రాయండి, రెండు కథలూ పొట్టిగా చెప్పండి, పోలికలకు ఒక పేరా, తేడాలకు రెండు మూడు పేరాలు ఇవ్వండి. 'విశ్వవ్యాప్తం', 'మానవాళి' లాంటి పెద్ద మాటలు వచ్చిన చోటల్లా ఆగి, ఏ ఊరి ఎవరి గురించి అంటున్నానో అని చూసుకోండి.

మొదటిసారి చేయడానికి హార్స్‌లీ హిల్స్ మల్లమ్మ కథ తీసుకోవచ్చు. కొండ మీద ఏనుగులు తిండి పెట్టి సాకిన మల్లమ్మ, చుట్టుపక్కల జనానికి జబ్బులు నయం చేసేది, ఒకరోజు కనిపించకుండా పోయింది, గుడి కట్టారు. దీని పక్కన తోడేలు పాలు తాగి పెరిగి రోమ్ నగరం కట్టిన అన్నదమ్ముల కథ, తెల్లజుట్టుతో పుట్టాడని తండ్రి పారేస్తే సీమూర్గ్ పక్షి పెంచిన పారశీక వీరుడు జాల్ కథ పెట్టండి. మృగాల దగ్గర, పక్షి దగ్గర పెరిగిన పిల్లలు ఈ మూడు కథల్లోనూ మనుషుల్లోకి ఏం తెచ్చారు, మనుషులు వాళ్లను ఎంతవరకు రానిచ్చారు అనేది అడిగి చూడండి. మదనపల్లె వైపు మీకు తెలిసినవాళ్లుంటే మల్లమ్మ కథ ముందు వాళ్ల నోట వినండి, ఏనుగుల సంగతి ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు.